లీటరుకు ఎన్ని యూనిట్లు?

పోయిన నెల సంచిక ఇండ్లకు చేరిన నాలుగు దినాలకు, సందకాడ మా ఇంటి జగిలి మీద కూర్చొని ఉంటే కోన్ వైండింగులో పనిచేసే ఒక చెల్లెలు వచ్చింది. చేతిలో మోపెడ్ తాళంచెవి. మొగంలో కోపం.

"అన్నా, నువ్వు పత్రికలో లెక్కలు రాస్తావు కదా, ఈ లెక్క చెప్పు. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే బండి ఇప్పుడు 38 ఇస్తా ఉంది. బంకులో కొలత కొట్టేస్తా ఉండారు. రేపు పొద్దున పోయి నాలుగు మాటలు అడిగేసి వస్తా" అంది.

"ఆగు తల్లీ, రెండు వారాలు ఆగు. ముందు కొలుద్దాం, తరువాత అడుగుదువు" అన్నాను.

నేను ఎందుకు ఆగమన్నానో ఆ బిడ్డకు తెలీదు. ఆ కత తెలిసినవాళ్లు మన లైన్లలో ఇంకా కొందరు ఉండారు. అప్పుడు మిల్లులో ఉన్నవాళ్లకు నేను మొదలుపెట్టగానే గుర్తొస్తుంది. మిల్లు పేరు రాయను. హోసూరు, కృష్ణగిరి నడుమ ఉండేదని మాత్రం చెప్తా.

2012వ సంవత్సరం. తమిళనాడంతా కరెంటు కోత. చెన్నైలో ఏదో కొంచెం మేలు, మన పక్క అయితే రోజుకు పది గంటలు, పన్నెండు గంటలు, కొన్ని దినాలు ఇంకా ఎక్కువే పోయేది. రాత్రి బిడ్డలు దోమలకు నిద్ర లేక ఏడుస్తా ఉంటే విసనకర్ర పట్టుకొని కూర్చున్న తల్లులకు ఆ ఏడు బాగా గుర్తుంటుంది. మిల్లు మాత్రం ఆగకూడదు కదా. రింగ్ ఫ్రేము ఒకసారి ఆగితే వెయ్యి పోగులు తెగుతాయి, మళ్లా అతుకు పెట్టేలోపల ప్రాణం పోతుంది. అందుకని జనరేటర్ నడిపేవాళ్లు. 250 కె.వి.ఏ. జనరేటర్, పాతది. దానికి ఒక ఆపరేటరు. వరసకు నాకు తమ్ముడు అవుతాడు. వాళ్ల నాయన, మా నాయన శూళగిరి పక్క ఒకే ఊరివాళ్లు. ఆ తమ్ముడు చదివింది తక్కువే, కానీ ఇంజను చప్పుడు విని ఏ నాజిల్ సరిగా లేదో చెప్పేవాడు.

ఆ ఏడు సెప్టెంబరులో డీజిలు మీద ఒక్క దెబ్బకు 5 రూపాయలు పెంచినారు. లీటరు దగ్గర దగ్గర 50 రూపాయలకు పోయింది. పైన ఆఫీసులో డీజిలు బిల్లు చూసి అందరికీ గుండె అదిరింది. అప్పుడే వచ్చినాడు ఒక కొత్త ఆఫీసరు. చిన్న వయసు, కష్టపడే మనిషే, అబద్ధం చెప్పకూడదు. వచ్చిన రెండో వారం జనరేటర్ రూముకు పోయి రిజిస్టరు తీసుకున్నాడు, ఇంజను మీద ఉండే రేకు చూసినాడు, కంపెనీవాళ్లు ఇచ్చిన పుస్తకం చూసినాడు. పుస్తకంలో 160 అని ఉంది. యూనిట్‌కు 160 గ్రాముల డీజిలు అని ఆయన అనుకున్నాడు.

ఇంక లెక్క వేసినాడు. 160 గ్రాములు అంటే 160 మిల్లీలీటర్లు. ఒక లీటరుకు 6.25 యూనిట్లు రావాల. రిజిస్టరులో ఆ నెల 33,000 యూనిట్లు, ఖర్చయిన డీజిలు 10,000 లీటర్లు. లీటరుకు 3.3 యూనిట్లే. ఆయన లెక్క ప్రకారం 5,280 లీటర్లకు పని అయిపోవాల. మిగతా 4,720 లీటర్లు ఎక్కడికి పోయినాయి? రూపాయల్లో 2,36,000. అదీ ఒక్క నెలకు.

మరుసటి దినం ఆ తమ్ముడికి మెమో. దొంగతనం అనే మాట రాయలేదు, 'వివరణ ఇవ్వలేని లోటు' అని రాసినారు. మన లైన్లలో ఆ మాట ఎట్లా తిరిగిందో మీకు చెప్పాలనా? డీజిల్ దొంగ. వాళ్ల పెండ్లాము వేస్టు రూములో దినకూలి చేసేది. నీళ్ల కొళాయి కాడ ఆ అమ్మ బిందె పెడితే పక్కవాళ్లు మాటలు ఆపేసేవాళ్లు. పెద్ద కొడుకు బడికి పోనని కూర్చున్నాడు. తమ్ముణ్ణి సస్పెండు చేసినారు. గేటు బయట టీ అంగట్లో కూర్చొని మా షిఫ్టు విడిచే వేళకు మమ్మల్ని చూస్తా ఉండేవాడు, పలకరించేవాడు కాదు.

నేను రింగ్ ఫ్రేములో సైడరును. చదివింది అయిదో తరగతి. కానీ లెక్కల మీద కొంచెం పిచ్చి ఉండాది, అది మీకు తెలుసు. ఆ 4,720 లీటర్ల మాట విన్న దినమే నాకు ఒకటి తట్టింది. అన్ని లీటర్లు అంటే 200 లీటర్ల డ్రమ్ములు 23, పైన ఇంకా మిగులుతుంది. నెలకు 23 డ్రమ్ములు గేటు దాటితే వాచ్‌మెన్‌కు తెలీదా? మనిషి డబ్బాలో దాచుకొని పోయేదా అది?

ఆదివారం కృష్ణగిరి రోడ్డులో లారీ ఇంజన్లు విప్పే ఒక మేస్త్రీ కాడికి పోయినాను. పెద్దాయన. చేతులు తుడుచుకుంటా విన్నాడు. "లీటరుకు ఆరు యూనిట్లా? ఏ ఇంజను అప్పా అది, నాకొకటి కొనివ్వు" అని నవ్వినాడు. "మూడు, మూడున్నర. బాగా ఉంటే ఇంకొంచెం" అన్నాడు. ఎట్లా అని అడిగితే, "నాకు తెలుసు, అంతే" అన్నాడు. ఆయనకు తెలుసు సరే, ఆఫీసరుకు ఎట్లా చెప్పేది? మేస్త్రీ నవ్వు కాగితం మీద రాయలేము కదా.

ఇంటికి వచ్చి మా అమ్మాయిని అడిగినాను. పదో తరగతి వరకు హోసూరులో తెలుగు మీడియం చదివి, అప్పుడు డిప్లొమా మొదటి సంవత్సరంలో ఉండాది. తెలుగులో చదివితే ముందుకు పోలేవని ఎంత మంది చెప్పినారో లెక్కలేదు. ఆ రాత్రి లాంతరు వెలుతురులో ఆ బిడ్డ పాత తొమ్మిదో తరగతి పుస్తకం తీసి 'సాంద్రత' అనే పాఠం విప్పింది. మా ఇంటి పక్కన ఇంగ్లీషు మీడియం పిల్లవాడు ఉండాడు, వానికి డెన్సిటీ అంటే పరీక్షలో రాసేదే. మా అమ్మాయి సాంద్రత అంటే బరువును సైజుతో భాగించేది అని నాకు ఒక్క మాటలో చెప్పింది.

"నాయనా, డీజిలు నీళ్లంత బరువు ఉండదు. లీటరు నీళ్లు ఒక కేజీ. లీటరు డీజిలు 830 గ్రాములు దగ్గర. గ్రాములను మిల్లీలీటర్లు అనుకుంటే అక్కడే ఒక తప్పు" అంది.

తరువాత పుస్తకం జిరాక్సు తెమ్మంది. తమ్ముడి కాడ ఒక కాపీ ఉండాది. ఆ 160 పక్కన చిన్న అక్షరాలు. ఆఫీసరు చదవకుండా విడిచిపెట్టిన అక్షరాలు అవే. యూనిట్‌కు అని లేదు, హార్స్ పవర్ గంటకు అని ఉంది. పాత ఇంజన్లకు అట్లానే రాసేవాళ్లు. ఒక హార్స్ పవర్ అంటే 746 వాట్లు. యూనిట్ అంటే వెయ్యి వాట్లు గంట సేపు. అంటే హార్స్ పవర్ గంట అనేది ముప్పాతిక యూనిట్, అంతే. ఒక యూనిట్‌కు 1.34 హార్స్ పవర్ గంటలు కావాల. 160ని 1.34తో గుణిస్తే 214 గ్రాములు దాటింది.

అదీ ఇంజను ఇరుసు కాడ. ఆ ఇరుసు తిప్పేది ఆల్టర్నేటర్‌ను. అది వేడెక్కుతుంది, గాలి కొడుతుంది, నూటికి ఏడు పాళ్లు దాంట్లోనే పోతుంది. 93 పాళ్లే కరెంటుగా వస్తుంది. 214ని 0.93తో భాగిస్తే 230 గ్రాములు. దాన్ని సాంద్రత 0.83తో భాగిస్తే 278 మిల్లీలీటర్లు. ఒక యూనిట్ కరెంటుకు 278 మిల్లీలీటర్ల డీజిలు. అట్లయితే లీటరుకు 3.6 యూనిట్లు.

160 ఎక్కడ, 278 ఎక్కడ! మూడు చిన్న చిన్న తప్పులు ఒకటి మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి, మనిషిని దొంగ చేసేసినాయి.

నాకు ఇంకా ధైర్యం రాలేదు. మన లెక్కలోనే తప్పు ఉంటే? అమ్మాయి ఇంకో దారిలో పట్టింది. డీజిల్లో మొత్తం ఎంత వేడి ఉందో చూద్దాం నాయనా అంది. కేజీ డీజిలు కాలితే 10,200 కిలోకేలరీల దాకా వేడి. 860 కిలోకేలరీలు ఒక యూనిట్‌తో సమానం. భాగిస్తే కేజీకి దగ్గర దగ్గర 11.9 యూనిట్లు. లీటరు 830 గ్రాములే కాబట్టి 9.8. పది అనుకో. లీటరు డీజిల్లో దేవుడు పెట్టిందే పది యూనిట్లు. (గ్యాసు బండ లెక్క కూడా అడిగినాను, ఊరకే ఉండలేక. 14.2 కేజీల సిలిండరులో 180 యూనిట్ల వేడి ఉంటుందంట. మా ఇంట్లో ఆ కాలంలో రెండు నెలల కరెంటు కూడా అంత కాలేదు.)

ఈ పదిలో ఆఫీసరు 6.25 రావాలంటా ఉండాడు. నూటికి 63 పాళ్లు. సముద్రంలో పోయే పెద్ద ఓడలకు మూడంతస్తుల ఇల్లంత ఇంజన్లు ఉంటాయి, వాటికే నూటికి 50 పాళ్లు వస్తే గొప్ప. మిగతాది అంతా పొగలో, రేడియేటరు నీళ్లలో వేడిగా పోవాల్సిందే. జనరేటర్ రూములో మధ్యాన్నం రెండు నిమిషాలు నిలబడినవాడికి ఆ వేడి ఎక్కడికి పోతుందో చెప్పక్కర్లేదు. మన 3.6 అయితే నూటికి 37 పాళ్లు. ఆ సైజు ఇంజనుకు సరిపోయే మాట. లారీ మేస్త్రీ నవ్వుకు అర్థం ఇదే.

ఇక్కడ మన మిల్లువాళ్లకు ఒక సంగతి చెప్పాల, ఇది బయటివాళ్లకు అర్థం కాదు. లీటరుకు ఇన్ని యూనిట్లు అనేది కౌంటు జాతి. యూనిట్‌కు ఇన్ని గ్రాములు అనేది టెక్స్ జాతి. 40 కౌంటు అంటే ఒక పౌను నూలులో 840 గజాల హ్యాంకులు 40 ఉంటాయి. కౌంటు పెరిగితే నూలు సన్నం. టెక్స్ అంటే వెయ్యి మీటర్ల నూలు ఎన్ని గ్రాములో అది. టెక్స్ పెరిగితే నూలు లావు. 590.5ని కౌంటుతో భాగిస్తే టెక్స్. 20 కౌంటు 29.5 టెక్స్, 40 కౌంటు 14.8 టెక్స్. ఒకటి ఎక్కితే ఇంకొకటి దిగుతుంది. బండి మైలేజీ కౌంటు లాంటిది, కొన్ని దేశాల్లో రాసే 'వంద కిలోమీటర్లకు ఇన్ని లీటర్లు' టెక్స్ లాంటిది. మా అమ్మాయి ఇంజను లెక్క చెప్తా ఉంటే నాకు తల తిరిగింది, ఇది కౌంటు, అది టెక్స్ అని మనసులో అనుకున్నాక నిలబడింది.

అయినా నేను ఒక తప్పు చేసినాను. దాచేదానికి ఏముంది, రాస్తా.

రిజిస్టరులో 3.3, మా లెక్కలో 3.6. ఆ తేడా ఏమిటని అడిగితే ఏమి చెప్పేది? తమ్ముణ్ణి అడిగినాము. ఫ్రేములన్నీ తిరిగేటప్పుడు గంటకు 144 యూనిట్లు, 40 లీటర్లు అన్నాడు. అది సరిగ్గా 3.6. కానీ ఆదివారాలు, ఇంకా షిఫ్టుకు ముందు రాత్రిపూట, లైట్లకు, నీళ్ల మోటారుకు, ఆఫీసుకు మాత్రమే నడిపేటప్పుడు గంటకు 30 యూనిట్లే. డీజిలు మాత్రం పన్నెండున్నర లీటర్లు తాగుతుంది. అంటే 2.4. ఇంజను తనను తాను తిప్పుకునేదానికి తాగేది తాగుతుంది కదా, లోడు ఉన్నా లేకపోయినా. ఒక్క మనిషిని ఎక్కించుకున్న బస్సు మాదిరి.

నేను వెంటనే 3.6, 2.4 కలిపి సగం చేసినాను. 3.0 వచ్చింది. "ఇదిగో, మూడే రావాల, మనవాడు 3.3 తెచ్చినాడు" అని సంతోషపడినాను. అమ్మాయి పకపకా నవ్వింది. "నాయనా, మూడు అయితే 33,000 యూనిట్లకు 11,000 లీటర్లు కావాల. ఖర్చయింది 10,000. చిన్నాయన ఇంటి నుంచి వెయ్యి లీటర్లు తెచ్చి పోసినాడా?"

20 కౌంటు పోగు, 40 కౌంటు పోగు కలిపి పేనితే 30 కౌంటు రాదని నాకు తెలుసు. 13.3 వస్తుంది. డబ్లింగులో పనిచేసిన ఏ పిల్లకాయనడిగినా చెప్తాడు. ఆ తెలివి డీజిలు కాడ ఎక్కడికి పోయిందో! కౌంటు జాతి అంకెలను ఊరకే కలిపి సగం చేయకూడదు. యూనిట్లన్నీ ఒకపక్క, లీటర్లన్నీ ఒకపక్క కూడాల, అప్పుడు భాగించాల.

మళ్లా రిజిస్టరు ముందర పెట్టుకొని కూర్చున్నాము. నిండు లోడులో 200 గంటలు, 28,800 యూనిట్లు, 8,000 లీటర్లు. తక్కువ లోడులో 140 గంటలు, 4,200 యూనిట్లు, 1,750 లీటర్లు. రెండూ కలిపితే 33,000 యూనిట్లకు 9,750 లీటర్లు. రిజిస్టరులో 10,000. తేడా 250 లీటర్లు, నూటికి రెండున్నర పాళ్లు.

ఆ 250 కూడా అడుగుతారు అన్నాను. అమ్మాయి చెప్పింది, డీజిలు ఎండకు ఉబ్బుతుంది, పది డిగ్రీల వేడికి వెయ్యి లీటర్లకు ఎనిమిది లీటర్ల దాకా. మధ్యాన్నం ట్యాంకరులో వేడిగా కొలిచి పోసింది, నేల కింద ట్యాంకులో చల్లబడితే తగ్గుతుంది. పది వేలకు 80 లీటర్లు అట్లానే పోతాయి. ఇంక కొలిచేది గుర్తులు పెట్టిన ఒక కడ్డీతో. వేలు పట్టంత అటూ ఇటూ అయితే ఎన్ని లీటర్లో. నేను మాత్రం ఒకటి అనుకున్నాను, అది అమ్మాయికి చెప్పలేదు: ఆ 250లో ఒక డబ్బా ఎప్పుడైనా పోయిందో లేదో నాకు తెలీదు. ప్రమాణం చేయలేను. కానీ 4,720 లీటర్లు పోలేదని ఏ గుడిలో అయినా చెప్తా.

కాగితాన్ని యూనియన్ పెద్దమనిషితో ఆఫీసుకు పంపలేదు, మేమే పోయినాము. ఆయనా, నేనూ, తమ్ముడూ. లోపలికి పోతానే ఆఫీసరు సార్ "మీరు ఏమి చదివినారు?" అని నన్ను అడిగినాడు. అయిదో తరగతి సార్ అన్నాను. కాగితం తీసుకొని చూసినాడు. హార్స్ పవర్ గంట అనే కాడ వేలు పెట్టి ఆగినాడు. ఆ మొగం నేను మరిచిపోను. రంగు మారింది. కానీ ఒప్పుకోలేదు. పెద్ద చదువు చదివినవాళ్లకు అది కష్టం, నేను తప్పు పట్టను. "ట్రయల్ చూద్దాం" అన్నాడు.

మరుసటి దినం పొద్దున పదికి కరెంటు పోయింది. ట్యాంకు పైపు విప్పి, కొలిచిన డ్రమ్ములో డీజిలు పోసి, దాంట్లోకి పైపు పెట్టినారు. తిరిగి వచ్చే పైపును కూడా ఆ డ్రమ్ములోకే పెట్టాలని తమ్ముడే చెప్పినాడు. లేకుంటే ఇంజను వాడకుండా తిప్పి పంపే డీజిలు కూడా ఖర్చులో పడుతుంది. ఆఫీసరుకు ఆ సంగతి తెలీదు. మీటరు రాసుకున్నారు. గంట సేపు నేను ఫ్రేముల మధ్య తిరుగుతానే ఉన్నాను, ఒక్క పోగు తెగినా చెయ్యి ఆడలేదు. గంట తరువాత మీటరు 144 యూనిట్లు చూపించింది. డ్రమ్ములో 40 లీటర్ల మీద ఒక అర లీటరు ఖర్చయింది. లీటరుకు 3.56.

ఆఫీసరు ఏమీ అనలేదు. చేతులు వెనక్కి పెట్టుకొని ప్యానెల్ కాడ కొంచెంసేపు నిలబడి పోయినాడు. రెండు దినాల తరువాత తమ్ముడు పనిలోకి వచ్చినాడు. సస్పెండు అయింది మొత్తం 11 దినాలు. ఆ దినాలకు సగం జీతమే వచ్చింది. తప్పు లేదని తేలినాక మిగతా సగం ఇవ్వాల కదా అని నాలుగు సార్లు అడిగినాము. ఇస్తామన్నారు. అయిదోసారి తమ్ముడే వద్దన్నాడు. మెమో వాపసు తీసుకున్నామని నోటితో చెప్పినారు, కాగితం ఇవ్వలేదు. పనిలోకి తీసుకున్నది కూడా జనరేటర్ కాడికి కాదు, బ్లో రూముకు. దుమ్ములోకి. జనరేటర్‌కు ఇంకొక మనిషిని పెట్టినారు. ఆ రూములో ప్యానెల్ మీద మాత్రం ఎవరో సుద్దముక్కతో 278 అని రాసిపెట్టినారు, చాలా కాలం చెరపలేదు. ఆఫీసరే రాసినాడని అంటారు.

ఆ చిన్న సార్ చెడ్డవాడు కాదని ఇప్పుడు కూడా అంటాను. నాకు కోపం ఒక్కటే. గంట ట్రయల్ ముందు చేసి, మెమో తరువాత రాయొచ్చు కదా. డ్రమ్ము అక్కడే ఉండాది, మీటరు అక్కడే ఉండాది.

సరే, చెల్లెలి మోపెడ్‌కు వస్తా. మన హోసూరులోనే 1980 నుంచి మోపెడ్లు చేస్తా ఉండారు కాబట్టి మైలేజీ మాట మాట్లాడేదానికి మనకు హక్కుండాది.

ట్యాంకు నిండా పోయించి, కిలోమీటర్లు రాసుకొని, మళ్లా నిండా పోయించేదాకా నడపమన్నాను. రెండు వారాలు చేసింది. 152 కిలోమీటర్లకు 4 లీటర్లు. 38. నిజమే, ఆ బిడ్డ మాట తప్పు కాదు.

ఇప్పుడు పెట్రోలులో ఇథనాల్ కలుపుతా ఉండారు, మీకు తెలుసు. చెరకు నుంచి, మొక్కజొన్న నుంచి, నూకల నుంచి చేసే సారాయి జాతి అది. 2022కు నూటికి 10 పాళ్లు, 2025కు 20 పాళ్లు అయింది. పెట్రోలు లీటరులో దగ్గర దగ్గర 8.9 యూనిట్ల వేడి ఉంటే, ఇథనాల్ లీటరులో 5.9 మాత్రమే. 10 పాళ్లు కలిపిన లీటరులో 8.6, 20 పాళ్లు కలిపిన లీటరులో 8.3. అంటే 10 నుంచి 20కి మారినప్పుడు తగ్గింది నూటికి మూడున్నర పాళ్లు. వేడి లెక్కన 50 ఇచ్చే బండి 48 ఇయ్యాల. అసలు కలపని పెట్రోలుతో పోల్చినా 46, 47. ఇంజను ఇథనాల్‌కు సరిపడేటట్టు చేసిందయితే ఇంకొంచెం మేలు, పాతదయితే ఇంకొంచెం తక్కువ. 38 మాత్రం ఇథనాల్ పని కాదు.

బంకు పనీ కాదు. చెల్లెలు పోయి తగాదా పెట్టుకోకుండా అయిదు లీటర్ల కొలత పాత్ర చూపించండి అని అడిగింది. ప్రతి బంకులో తూనికల శాఖ ముద్ర వేసిన ఆ పాత్ర ఉండాల, మనం అడిగితే దాంట్లో పట్టి చూపించాల. మీరు కూడా అడగొచ్చు, సిగ్గు పడొద్దు. పట్టి చూపించినారు, గీత కాడికి సరిగ్గా వచ్చింది.

ఇంక మిగిలింది బండే. స్టాండు వేసి వెనక చక్రం చేత్తో తిప్పితే ఒకటిన్నర చుట్టు తిరిగి నిలబడింది. బ్రేకు పట్టుకొని ఉండాది. ఎయిర్ ఫిల్టరు చూస్తే మన కార్డింగు రూములో దులపని గోడ మాదిరి ఉంది. మిల్లు రోడ్డులో దూది పొట్టు ఊరకే పోతుందా? రెండూ సరిచేసినాక 46 వచ్చింది. ఖర్చు 180 రూపాయలు.

ఆ చెల్లెలి కొడుకు పక్కనే నిలబడి, "మామా, కరెంటు స్కూటర్ కొంటే ఈ తలనొప్పి ఉండదు కదా" అన్నాడు. వాడు చెప్పేది కూడా తప్పు కాదు. ఇప్పుడు హోసూరులో, పోచంపల్లిలో కరెంటు స్కూటర్ల ఫ్యాక్టరీలు వచ్చినాయి, మన లైన్ల పిల్లలు ఎంతో మంది అక్కడ పనికి పోతా ఉండారు. పెట్రోలు బండి లీటరుకు 50 ఇస్తే వంద కిలోమీటర్లకు 2 లీటర్లు, అంటే 17 యూనిట్ల వేడి. కరెంటు స్కూటర్‌కు వంద కిలోమీటర్లకు 3 యూనిట్లు, ఛార్జింగులో పోయేది కూడా కలిపితే మూడున్నర. అబ్బో అనిపిస్తుంది. కానీ ఆ కరెంటు మేట్టూరులో బొగ్గు కాల్చి తీసిందయితే, బొగ్గు వేడిలో మూడో వంతే కరెంటు అవుతుంది. మూడున్నరకు పది యూనిట్ల బొగ్గు వేడి. పదిహేడు, పది. అప్పటికీ మేలే, వాడు అనుకున్నంత కాదు. కొనాలా వద్దా అనేది వాళ్ల అమ్మ చేతిలో ఉంది, బండి వెల లెక్క వేరే, అది ఈ నెల నాకు కుదరదు.

ఇది రాసేముందు ఆ తమ్ముణ్ణి చూడాలని కృష్ణగిరి పోయినాను. బ్లో రూములో మూడేండ్లు చేసి, దగ్గు ఎక్కువై మానేసినాడు. ఇప్పుడు రెండు చిన్న జనరేటర్లు పెట్టుకొని పెండ్లిండ్లకు, జాతర్లకు బాడుగకు ఇస్తాడు. ఒక పెండ్లి మంటపం వెనక పట్టుకున్నాను. జనరేటర్ పక్కన ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీ మీద నోటు పుస్తకం. గంట, మీటరు, పోసిన లీటర్లు, మూడు వరుసలు. కింద ప్రతి పెండ్లికీ ఆ ఇంటివాళ్ల సంతకం. పాత పుటలు తిప్పి చూసినాను, ఏండ్ల కొద్దీ ఉండాది. లీటరుకు రెండున్నర, రెండు ముప్పావు. చిన్న ఇంజన్లు కదా.

పత్రికలో రాస్తా ఉండానని చెప్పినాను. కొంచెంసేపు ఏమీ అనలేదు. లోపల సన్నాయి మొదలైంది, లోడు పెరిగి ఇంజను చప్పుడు మారింది, చెవి అటు పెట్టి విన్నాడు. తరువాత అన్నాడు: "నా పేరు వెయ్యొద్దన్నా. 278 మాత్రం వెయ్యి."